ఒంట్లు వంద దాకా వచ్చినా ఏడు గింజలు ఇవ్వడం రాని పిల్లలకు లెక్క నేర్పేదెలా

మీ పాపో బాబో ఎల్‌కేజీలోనో యూకేజీలోనో ఉన్నారనుకుందాం. చుట్టాలొస్తే ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్తారు, అందరూ చప్పట్లు కొడతారు, మీకూ సంతోషమే. ఇప్పుడు గుప్పెడు చింతగింజలు తెచ్చి ముందు పోసి "బిడ్డా, నాకు ఏడు గింజలు ఇయ్యి" అని అడగండి. చాలామంది పిల్లలు చేతికి దొరికినన్ని తీసి ఇచ్చేస్తారు, కొందరు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఏడు దగ్గర ఆగకుండా గింజలు అయిపోయేదాకా పోతారు. పిల్ల మీద కోపం తెచ్చుకోకండి. ఒంట్లు నోటికి రావడం ఒక పని, ఎన్ని ఉన్నాయో తెలియడం ఒక పని, అంకెను చూసి గుర్తుపట్టడం ఇంకో పని. ఈ మూడూ ఒకేసారి రావు. బడిలోనూ ఇంట్లోనూ మనం మొదటిదాన్నీ చివరిదాన్నీ పట్టుకుని నడుమదాన్ని వదిలేస్తున్నాం, లెక్క అసలు ఉన్నది ఆ నడుమదాంట్లోనే.

నేను దేవరకొండ వైపు చిన్న తరగతుల పిల్లలకు చెప్తాను. ఇది టీచర్ల కోసం, అమ్మానాన్నల కోసం, అంతకన్నా ఎక్కువగా నాయనమ్మల కోసం, అమ్మమ్మల కోసం రాస్తున్నాను. పాలమూరు పల్లెల్లో, మా వైపు తండాల్లో తల్లిదండ్రులు హైదరాబాదుకో ముంబైకో పనికి పోతే పిల్లలు పెద్దవాళ్ళ దగ్గరే ఉంటారు. "మాకు చదువు రాదు, మేమేం నేర్పుతం" అంటారు వాళ్ళు. కింద చెప్పే పనుల్లో సగానికి పైగా అక్షరం ముక్క రానక్కర్లేదు. గుడ్లు, మేకపిల్లలు, మూటలు లెక్కపెట్టడం వస్తే చాలు, అది వాళ్ళకు మనకంటే బాగా వచ్చు.

ఇంతకీ ఎంత దాకా నేర్పాలి?

పది దాకా. నిజంగా అంతే. జాతీయ విద్యా విధానం 2020లో వచ్చాక కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది, అందులో ఒక్కో తరగతికి లెక్కల్లో ఏమేం రావాలో రాసి పెట్టారు. ఒకటో తరగతికి ముందు, ఐదారేళ్ళ వయసు బాలవాటిక పిల్లలకు పెట్టిన లక్ష్యం 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదవడం, వస్తువుల్ని ఒక వరుసలో అమర్చడం. 99 దాకా చదివి రాయడం ఒకటో తరగతి లక్ష్యం, 999 రెండో తరగతిది, 9999 మూడో తరగతిది. ఈ మాట చెప్తే చాలామంది తల్లులు నమ్మరు, ఎందుకంటే వాళ్ళ పిల్ల డైరీలో ఎల్‌కేజీకే "1 నుంచి 50 రెండుసార్లు రాయాలి" అని ఉంటుంది. బడితో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. ఇంట్లో మీరు పెట్టే పది నిమిషాలు మాత్రం ఆ యాభై మీద పెట్టకండి, పది లోపల పెట్టండి. పది గట్టిగా వచ్చిన పిల్లకు మిగతావి చాలా తేలిగ్గా వస్తాయి.

మొదటి పని: మనిషికి ఒక తలె

లెక్క కంటే ముందు వచ్చేది పంపకం. అన్నం తినే వేళకు పిల్ల చేతికి తలెలు, అంటే కంచాలు, ఇచ్చి "మనిషికి ఒకటి పెట్టు" అనండి. ఎన్ని అని అడగొద్దు. తాత ముందు ఒకటి, నాయనమ్మ ముందు ఒకటి, అన్న ముందు ఒకటి, తన ముందు ఒకటి. తక్కువైతే వెళ్ళి ఇంకోటి తెస్తుంది, ఎక్కువైతే చేతిలో మిగిలిపోతుంది, మిగిలిందన్న సంగతి మీరు చెప్పకుండానే తెలుస్తుంది. మరుసటి రోజు తలెకొక గ్లాసు. ఇంకో రోజు కోడి గంప దగ్గర కూర్చోబెట్టి కోడిపిల్లకొక మక్క గింజ. ఈ పని చేస్తున్నప్పుడే ఎక్కువ, తక్కువ, సమానం అన్న మాటలు వాళ్ళ చెవిన పడాలి. "తలెలు ఎక్కువున్నయా, మనుషులు ఎక్కువున్నరా?" అని అడగండి. మూడేళ్ళ పిల్ల కూడా దీనికి జవాబు చెప్తుంది, అంకె ఒక్కటీ రాకపోయినా.

రెండో పని: నోటి ఒంట్లు

ఒంట్లు వద్దని నేను అనట్లేదు. వరుస నోటికి రాకపోతే లెక్క ముందుకు నడవదు. కానీ ముందు ఐదు దాకా మాత్రమే, అది తడబడకుండా వచ్చాక పది దాకా. కూర్చోబెట్టి అప్పజెప్పించకండి, ఏదో ఒక కదలికతో కలిపి చెప్పించండి. మెట్లు ఎక్కుతూ మెట్టుకొక మాట, నల్లా దగ్గర బిందెలో నీళ్ళు పోస్తూ చెంబుకొక మాట, తొక్కుడుబిళ్ళ గడుల్లో గంతుకొక మాట. కాలో చెయ్యో కదిలినప్పుడే మాట రావాలి, నోరు ముందే ఉరికితే మళ్ళీ మొదటి నుంచి.

వడ్లు కొలిచేటప్పుడు తాతలు మొదటి కొలతకు "ఒకటి" అనకుండా "లాభం" అంటారు కదా, పిల్ల అది విని తనూ లాభం, రెండు, మూడు అనొచ్చు. దిద్దాల్సిన అవసరం లేదు. కుంచానికి ఒక మాట చొప్పున తాత ఎట్లా చెప్తున్నాడో చూడడమే మంచి పాఠం, కల్లం దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టండి.

భాష విషయం చాలామంది అడుగుతారు. బడిలో వన్, టూ చెప్తున్నారు, ఇంట్లో తెలుగులో చెప్పితే గందరగోళం కాదా అని. కాదు. ఒక ఆట మధ్యలో భాష మార్చకపోతే చాలు. ఎన్ని అనేది ముందు ఇంటి భాషలోనే కుదురుకుంటుంది, తండా పిల్లలకైతే లంబాడీలోనే మొదలుపెట్టండి, నాలుగు అంటే ఎన్నో తెలిసిన పిల్లకు ఫోర్ అనే పేరు నేర్పడం పెద్ద పని కాదు. పేరు మాత్రమే తెలిసిన పిల్లకు నాలుగు అంటే ఎన్నో ఏ భాషలో నేర్పాలన్నా మొదటి నుంచి రావాల్సిందే.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు "ఇంట్లో రెండు అన్నలు" అంటారు చిన్నపిల్లలు. "అవును, ఇద్దరు అన్నలు" అని మీరు సరైన మాట అని వదిలేయండి. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు మాట కోసం గద్దిస్తే లెక్కే తప్పనుకుంటారు.

మూడో పని: జరుపుతూ లెక్కపెట్టడం

దీని మీద ఎక్కువ రోజులు ఉండండి. ఎక్కువ మంది పిల్లలు జారేది ఇక్కడే, మనం చూడకుండా దాటేసేదీ ఇక్కడే.

రెండు స్టీలు తలెలు పక్కపక్కన పెట్టండి. ఎడమ తలెలో ఐదు చింతగింజలు, కుడి తలె ఖాళీ. పిల్ల ఒక గింజ తీసి కుడి తలెలో వేస్తూ "ఒకటి" అనాలి, ఇంకోటి వేస్తూ "రెండు". స్టీలు తలె ఎందుకంటే గింజ పడ్డ చప్పుడు వినిపిస్తుంది, ఆ చప్పుడు, మాట ఒకేసారి రావాలి. బట్ట మీద పరిచి వేలితో చూపిస్తూ లెక్కపెట్టించడం దీని తర్వాత, ఎందుకంటే అక్కడ లెక్కపెట్టినవీ పెట్టనివీ కలిసిపోతాయి, పిల్ల ఒకదాన్నే రెండుసార్లు ముట్టుకుంటుంది, ఒకదాన్ని వదిలేస్తుంది.

మీరు పక్కన కూర్చుని వేళ్ళని చూడండి, నోటిని కాదు. ఎనిమిది, తొమ్మిది దగ్గర ఒక తమాషా జరుగుతుంది. మాట పొడుగు కాబట్టి "ఎని" అంటూ ఒక గింజ, "మిది" అంటూ ఇంకో గింజ వేస్తారు. తొమ్మిది గింజలు ఇస్తే ఎనిమిదే అని తేలుస్తారు. ఇది కనిపిస్తే కసురుకోవద్దు, ఆ రెండు మాటల దగ్గర గింజను పైకి పట్టుకుని, మాట పూర్తయ్యాకే వదలమనండి. రెండు మూడు రోజుల్లో సర్దుకునే సంగతి ఇది.

పిల్లలు లెక్కపెట్టడం వెనక ఉండే నియమాలను గెల్మన్, గాలిస్టెల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో ఐదుగా చెప్పారు. వస్తువుకు ఒక్క మాటే. మాటల వరుస ఎప్పుడూ ఒకటే. చివర అన్న మాటే మొత్తం. దేన్నైనా లెక్కపెట్టొచ్చు, చప్పట్లనైనా. ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. మీ పిల్ల తప్పు చెప్పినప్పుడు ఈ ఐదింట్లో ఏది తప్పిందో చూడండి, దాన్ని పట్టుకుని సరిచేయండి. ఊరికే "మళ్ళీ లెక్కపెట్టు, మళ్ళీ లెక్కపెట్టు" అంటే అదే తప్పు మళ్ళీ చేస్తారు, పైగా భయం కూడా పట్టుకుంటుంది.

ఒక జాగ్రత్త. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గింజలు, పూసలు, గోళీలు వద్దు. ముక్కులో చెవిలో పెట్టుకుంటారు, మింగుతారు, తడి తగిలిన గింజ ముక్కులో ఉబ్బుతుంది. వాళ్ళకు చెంచాలు, గ్లాసులు, ఉల్లిగడ్డలు, బత్తాయిలు ఇవ్వండి. పెద్ద పిల్లలకైనా ఆట అయిపోయాక గింజలన్నీ డబ్బాలో వేయించి, డబ్బా పైన పెట్టేయండి.

నాలుగో పని: "మొత్తం ఎన్ని?", "ఇన్ని ఇయ్యి"

పిల్ల చక్కగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని లెక్కపెట్టింది. వెంటనే "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టిందంటే చివరి మాటే మొత్తం అన్న సంగతి ఇంకా అందలేదన్నమాట. అప్పుడు మీరే లెక్కపెట్టి చూపించండి, చివర గింజల చుట్టూ చెయ్యి తిప్పి "ఐదు, ఐదు గింజలు" అనండి. ఒక్కోసారి తిప్పి చేయండి, ముందే "ఇవి మూడు గింజలు" అని చెప్పి తర్వాత లెక్కపెట్టి చూపించండి.

పరీక్ష మాత్రం ఇవ్వమని అడగడమే. కరెన్ విన్ అనే పరిశోధకురాలు 1990లో పిల్లల్ని సరిగ్గా ఇట్లాగే, ఇన్ని బొమ్మలు ఇమ్మని అడిగి చూసింది. లెక్కపెట్టడం వచ్చిన పిల్లలు కూడా మూడు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇచ్చారు. మొదట ఒకటి అంటే తెలుస్తుంది, కొన్ని నెలలకు రెండు, మరికొన్ని నెలలకు మూడు, ఆ తర్వాత ఒక్కసారిగా మిగతావన్నీ అందుతాయి. అంటే మీ నాలుగేళ్ళ బాబుకు రెండు ఇమ్మంటే రెండు ఇస్తూ మూడు దగ్గర తికమక పడుతుంటే వాడు వెనకబడిన పిల్లవాడు కాదు, దారి మధ్యలో ఉన్నాడు. మూడు మీద పనిచేయండి, ఇరవై మీద కాదు.

ఇంటి పనిలో దీనికి ఎన్ని సందులున్నాయో చూడండి. "రెండు ఉల్లిగడ్డలు తే", "మూడు పచ్చి మిరపకాయలు", "నాలుగు కరివేపాకు రెబ్బలు", "తాతకు రెండు బిస్కెట్లు ఇచ్చిరా". తెచ్చాక మీరు సరిచూడకండి, "సరిపోయినయా, లెక్క చూడు" అని వాళ్ళతోనే చూపించండి. దూరంలో ఉన్న నాన్న ఫోన్ చేసినప్పుడు వీడియోలో "కోడికి ఎన్ని పిల్లలయినయి బిడ్డా, చూపియ్యి" అని అడగొచ్చు, పిల్ల ఫోన్ పట్టుకుని ఒక్కోదాన్ని చూపిస్తూ లెక్కపెడుతుంది. ఇది ఏ వర్క్‌బుక్కులోనూ దొరకని పాఠం.

ఆరు గింజల్ని దగ్గరగా పెడితే ఆరు అన్న పిల్లే, అవే గింజల్ని మీరు కళ్ళముందే దూరంగా జరిపితే "ఇప్పుడు ఎక్కువైనయి" అనవచ్చు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే దీన్ని చాలా వివరంగా గమనించాడు, ఆరేడేళ్ళ దాకా ఇది మామూలే. వాదించి ఒప్పించకండి. "లెక్కపెట్టి చూద్దాం పా" అనండి, చూశాక మళ్ళీ దగ్గరికి జరపండి, మళ్ళీ లెక్కపెట్టనివ్వండి.

చూడగానే చెప్పడం

మూడో నాలుగో ఉంటే లెక్కపెట్టకుండానే చెప్పగలం, ఈ శక్తి పిల్లలకు చిన్నప్పుడే ఉంటుంది. దాన్ని పదును పెట్టాలి. మన పాలమూరు పల్లికాయ దీనికి ఎంత బాగా పనికొస్తుందో. కాయ చేతిలో పెట్టి "లోపల రెండా, మూడా, ఒకటేనా?" అని అడగండి, వొలిచి చూడండి, తినేయండి. తంగేడు పువ్వుకు ఐదు రేకులు, గన్నేరుకూ ఐదే, నాలుగైదు పూలు చూశాక పిల్ల లెక్కపెట్టడం మానేసి ఐదు అంటుంది. బత్తాయి తొనలు ఒక్కో కాయకు ఒక్కోలా ఉంటాయి, అవి లెక్కపెట్టి తినాల్సిందే.

ఇంకా మంచిది అష్టా చెమ్మా. నాలుగు గవ్వలు, గవ్వలు లేకపోతే ఒక పక్క అరగదీసిన చింతగింజలు. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు, నాలుగూ పడితే చెమ్మా అంటే నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. చూడగానే ఎన్ని పడ్డాయో చెప్పడం ఒకటి, పడినన్ని గడులు కాయను జరపడం ఇంకోటి, రెండు పాఠాలు ఒకే ఆటలో ఉన్నాయి. నాలుగేళ్ళ పిల్లకు చంపుకోవడం, పండించడం లాంటి నియమాలు వద్దు, గవ్వలు వేయడం, జరపడం చాలు. బతుకమ్మ తొమ్మిది రోజులూ "ఇవ్వాళ ఎన్నో రోజు?" అని అడిగితే ఎంగిలిపూల బతుకమ్మ మొదటిది, అటుకుల బతుకమ్మ రెండోది అనుకుంటూ సద్దుల నాటికి తొమ్మిదోది దాకా వస్తారు, ఒకటికి మొదటికి ఉన్న తేడా అట్లా తెలుస్తుంది.

ఇప్పుడు అంకెలు

ఐదు ఇమ్మంటే ఐదు ఇచ్చే పిల్లకే అంకెలు చూపించండి. దుకాణంలో ఫ్లాష్ కార్డులు కొనక్కర్లేదు. గోడకు వేలాడే పోయినేటి క్యాలెండర్ తీయండి, పన్నెండు పేజీలు, ప్రతి పేజీలో పెద్ద అక్షరాలతో తేదీలు. 1 నుంచి 10 దాకా కత్తిరిస్తే ఒక్కో అంకె పన్నెండు ముక్కలు వస్తాయి. పాత అట్టల మీద అంటించండి. తిథులు, వర్జ్యాలు చిన్న అక్షరాల్లో పక్కనే ఉంటాయి కదా, అవి లేకుండా అంకె మాత్రమే వచ్చేలా కత్తిరించాలి.

ఒక పూటకు రెండే అంకెలు, మహా అయితే మూడు. మొదట 1, 2, 3. తర్వాత 4, 5. తర్వాత 0. ఆ తర్వాతే 6 నుంచి పైకి. మాంటిస్సోరి బడుల్లో మూడు అడుగుల పద్ధతి ఒకటి వాడతారు, నాకు తెలిసి ఇంట్లో చేయడానికి ఇంతకన్నా సులువైనది లేదు. మొదటి అడుగులో మీరే చెప్తారు: "ఇది రెండు. ఇది మూడు." రెండో అడుగులో అడుగుతారు, కానీ పేరు మీరే చెప్తారు: "మూడు ఏది? రెండు నా చేతిలో పెట్టు. మూడును తలుపు దగ్గర పెట్టిరా." ఈ అడుగు మీద చాలాసేపు ఉండాలి, పిల్లలకు ఇది ఆట. మూడో అడుగులో కార్డు చూపించి "ఇది ఎంత?" అంటారు. అందరూ చేసేది ఏమిటంటే మొదటి అడుగు నుంచి నేరుగా మూడో అడుగుకు దూకడం. చెప్పలేకపోతే పిల్లను ఏమీ అనకుండా రెండో అడుగుకు తిరిగి రండి.

అంకె ఆకారం చేతికి కూడా తెలియాలి. వెడల్పు పళ్ళెంలో సన్న ఇసుకో ఎర్రమట్టో పోసి చూపుడు వేలితో గీయించండి. మీరు పిల్లకు ఎదురుగా కూర్చోవద్దు, పక్కన కూర్చోండి, లేకపోతే మీ 3 వాళ్ళకు తలకిందులుగా కనిపిస్తుంది. 6, 9 ఒకే రోజు చూపించకండి. 2, 5 కూడా అంతే. 1, 7 కలిసిపోయే పిల్లలుంటారు, వాళ్ళకు 7 పై గీత రంగు పెన్సిల్‌తో దిద్ది చూపించండి.

సున్నాకు వేరే పాఠం కావాలి. తలెలో మూడు గింజలు పెట్టి ఒక్కొక్కటి తీసేస్తూ "ఇప్పుడు ఎన్ని?" అంటూ ఖాళీ తలె దగ్గరికి రండి. "ఏం లేవు" అంటారు. ఆ ఏం లేకపోవడాన్ని ఇట్లా రాస్తాం అని 0 కార్డు ఖాళీ తలెలో పెట్టండి.

గుడ్ల ట్రే

కిరాణా దుకాణంలో అడిగితే ముప్పై గుడ్ల అట్ట ట్రే ఊరికే ఇస్తారు. ఆరు వరుసలు, వరుసకు ఐదు గుంటలు. రెండు వరుసలకొకటి చొప్పున కత్తిరిస్తే మూడు ముక్కలొస్తాయి, ఒక్కో ముక్కలో పది గుంటలు, పైన ఐదు, కింద ఐదు. ఇక మీదట ట్రే అంటే ఈ పది గుంటల ముక్కే. ఎండలో ఒక రోజంతా పెట్టి, గుడ్డు కారిన మరక లేనిదే తీసుకోండి.

కార్డు తీసి పక్కన పెడితే పిల్ల అన్ని గుంటల్లో గింజలు వేయాలి. పై వరుస నింపాకే కింద వరుస. 7 అంటే పై ఐదూ నిండి కింద రెండు. కొన్నాళ్ళకు పిల్ల "ఐదు, ఇంకో రెండు" అని తనే అంటుంది, లెక్కపెట్టకుండా. "నిండాలంటే ఇంకా ఎన్ని కావాలె?" అని అడగండి, ఖాళీ గుంటలు మూడు కనిపిస్తాయి. కూడిక, తీసివేత అనే మాట ఎత్తకుండానే అవి మొదలైపోయాయి. వానాకాలంలో నాగార్జునసాగర్ గేట్లు ఎత్తితే టీవీలో ఎన్ని ఎత్తారో చెప్తారు కదా, పది లోపలైతే గేటుకొక గింజ వేయించండి. మొత్తం గేట్లు 26, అవి యూకేజీ పిల్లకు మూడు ట్రేల పని.

పదకొండు నుంచి ఇరవై దాకా వచ్చే గొడవ కూడా ఈ ట్రేతోనే తీరుతుంది. ఒక ట్రే నిండా పది, పక్క ట్రేలో మూడు, పదమూడు. తెలుగులో పది, మూడు రెండూ చెవికి వినిపిస్తాయి, థర్టీన్‌లో అంత తేలిగ్గా వినిపించవు, పైగా థర్టీతో కలిసిపోతుంది. అందుకే ఈ గుంపును తెలుగులో ముందు చేయించి ఇంగ్లీషు తర్వాత చెప్పండి. 12ను 21 అని రాసే పిల్లకు రెండు ట్రేలు చూపించి, నిండిన ట్రేలు ఎన్ని, మిగిలిన గింజలు ఎన్ని అని అడగండి.

గీత మీద ఆట

నేల మీద సుద్దముక్కతో పది గడులు ఒకే వరుసలో గీసి, ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10 వేయండి. ఒక గవ్వ పైకి ఎగరేసి, బోర్లా పడితే ఒక గడి, వెల్లకిలా పడితే రెండు గడులు. 3 మీద నిలబడి రెండు పడితే పిల్ల "నాలుగు, ఐదు" అంటూ అడుగు వేయాలి, "ఒకటి, రెండు" అంటూ కాదు. ఈ ఒక్క విషయం పట్టుకోండి. సీగ్లర్, రమణి అనే పరిశోధకులు 2008లో పేద కుటుంబాల పిల్లలతో దాదాపు ఇలాంటి ఆటే ఆడించారు, పావుగంట చొప్పున నాలుగుసార్లు, రెండు వారాల్లో. అంకెలున్న గడుల మీద ఆడిన పిల్లలకు అంకెలు గుర్తుపట్టడం, ఏది పెద్దదో చెప్పడం మెరుగైంది. అంకెల బదులు రంగులు వేసిన గడుల మీద అదే ఆట ఆడిన పిల్లలకు ఆ మేలు కనిపించలేదు. కాబట్టి గడుల్లో అంకెలు తప్పకుండా వేయండి, అడుగు వేసినప్పుడు ఆ గడి అంకెను పైకి చెప్పించండి.

బజారుకు పోయినప్పుడు బండ్ల నంబర్ ప్లేట్లు చూపించండి. నల్లగొండ బండ్ల మీద 05, మహబూబ్‌నగర్ బండ్ల మీద 06 ఉంటాయి, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చినా ఈ జిల్లా నంబర్లు అవే. బస్టాండులో బస్సు కోసం నిలబడే సమయంలో "ఐదు ఎక్కడుందో చూడు" అంటే చాలు. ఇంటి నంబర్లు, దుకాణం షట్టర్ మీద ఫోన్ నంబర్లు, పది రూపాయల నోటు, అన్నీ పనికొస్తాయి. ఫోన్‌లో అంకెల ఆటలు పెట్టి ఇవ్వడం నాకు ఇష్టం లేదు, తెర మీద బొమ్మ చేతిలోకి రాదు, బరువుండదు, పిల్ల వేలు ఊరికే కొడుతూ పోతుంది.

రాయడం అన్నిటికన్నా వెనక

నాలుగేళ్ళ వేళ్ళకు పెన్సిల్ పట్టు ఇంకా పూర్తిగా కుదరదు. ఇసుకలో గీసిన చేయి తర్వాత నేల మీద సుద్దతో పెద్దగా, తర్వాత పలక మీద బలపంతో, ఆ తర్వాతే కాపీలో, అంటే నోటుపుస్తకంలో. ఒక అంకెను ఇరవైసార్లు రాయించే బదులు, ఐదుసార్లు రాయించి అందులో ఏది బాగుందో వాళ్ళనే సున్నా చుట్టమనండి. ప్రతి అంకె పక్కన అన్ని చుక్కలు పెట్టించండి, అప్పుడు రాత కూడా లెక్కే అవుతుంది. 3ను, 7ను అద్దంలో చూసినట్టు తిప్పి రాయడం ఐదారేళ్ళ పిల్లల్లో సాధారణం, ఎర్ర పెన్నుతో కొట్టేయకుండా పక్కన సరైనది రాసి చూపించండి. బడి హోంవర్క్ తప్పదంటే సగం మీరు చేయి పట్టి రాయించండి, కానీ ఆ పూట గింజల ఆట మానకండి.

ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి

రోజుకు పది నిమిషాలు చాలు, అది కూడా ఒకేసారి కాకపోయినా పర్వాలేదు. పిల్ల పక్కచూపులు చూస్తే ఆపేయండి. తప్పు చెప్పినప్పుడు పక్కింటి పిల్లతో పోల్చవద్దు, అది చెవిన పడిన పిల్ల తర్వాత జవాబు తెలిసినా నోరు తెరవదు, నేను క్లాసులో చాలామందిని చూశాను. వారానికి ఒకసారి ఇన్ని ఇయ్యి ఆట ఆడి ఎక్కడ ఆగిందో చూసుకోండి, అక్కడి నుంచి ఒక్క అంకె మాత్రమే పైకి వెళ్ళండి.

ఐదేళ్ళు దాటి, కొన్ని నెలలు రోజూ ఇట్లా ఆడించినా మూడు గింజలు ఇవ్వలేకపోతుంటే, పిలిస్తే పలక్కపోవడం, మాటలు తక్కువ రావడం, దగ్గరగా పెట్టుకుని చూడడం లాంటివి కూడా ఉంటే ముందు చెవులు, కళ్ళు చూపించండి. ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌కో ఆశా కార్యకర్తకో చెప్తే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్కడ చూపించాలో దారి చెప్తారు. ఏడేళ్ళు దాటాక కూడా అంకెలు తిరగేసి రాస్తుంటే, పది లోపల లెక్క తప్పుతుంటే పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. వెళ్ళేటప్పుడు పిల్ల రాసిన కాపీ, పలక మీద రాసినదాని ఫోటోలు రెండు మూడు వెంట తీసుకెళ్ళండి.